ఐసు, కల్లుప్పు, మామిడి గుజ్జు

పుల్ల ఐసును కాసేపు చీకితే రంగూ తీపీ ముందే నోట్లోకి వచ్చేస్తాయి. పుల్లకు తెల్లటి చప్పిడి గడ్డ మిగులుతుంది. నీటికి ఉన్న పంతమే దీనికి కారణం. గడ్డకట్టేటప్పుడు నీరు తనలో కరిగిన చక్కెరనూ పళ్లరసాన్నీ పక్కకు నెట్టేసి, తానొక్కటే స్ఫటికంగా పేరుకుంటుంది. అది నెట్టేసిన తీపి స్ఫటికాల సందుల్లో చిక్కటి పాకంగా నిలుస్తుంది. చీకగానే ముందుగా జారి వచ్చేది ఆ పాకమే. ఎండాకాలంలో పండును గడ్డకట్టించి తినిపించేవాళ్ల పనితనమంతా ఈ పంతాన్ని ఎంతవరకు లొంగదీశారన్న దాంట్లోనే ఉంది. ఆ పని నిండుగా కనిపించేది, నా దృష్టిలో, హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్‌కు పేరు తెచ్చిన చేతి ఐస్‌క్రీమ్‌లో.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో, 1935లో కట్టిన రాతి మార్కెట్ అది. ఆయన రెండో కుమారుడు మొఅజ్జం జా పేరు పెట్టారు. ఒకప్పుడు నగరానికి పండ్ల మార్కెట్ కూడా అదే. పండ్ల వ్యాపారం అక్కణ్ణుంచి తరలిపోయినా ఫేమస్, షా లాంటి ఐస్‌క్రీమ్ దుకాణాలు నిలిచాయి. వేసవిలో మామిడి, ఆ కాలం దాటాక సీతాఫలం, మధ్యలో సపోటా, అంజీర్: పండ్ల కాలాన్ని బట్టే అక్కడ రుచులు మారతాయి.

సరంజామా చాలా తక్కువ. ఒక చెక్క పీపా, అందులో నిలబెట్టిన పొడుగాటి లోహపు డబ్బా, రెంటికీ నడుమ దంచిన ఐసు, కల్లుప్పు. అమెరికాలో నాన్సీ జాన్సన్ అనే ఆమె 1843లో పిడి తిప్పే ఐస్‌క్రీమ్ యంత్రానికి పేటెంటు తీసుకుంది. ఆ యంత్రం పనిచేసేదీ ఈ సూత్రం మీదే. ఉప్పు లేకుండా ఎంత ఐసు పోసినా డబ్బాలోని తియ్యటి పాలు గట్టిపడవు. చక్కెర కలిసిన పాలు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టవు, ఇంకా కిందికి దిగాలి. ఉప్పు తగిలిన ఐసు కరగడం మొదలుపెడుతుంది. ఒక గ్రాము ఐసు కరగాలంటే దాదాపు 80 కెలోరీల వేడి కావాలి. ఆ వేడిని అది చుట్టూ ఉన్నవాటి నుంచి, అంటే డబ్బాలోని పాల నుంచి కూడా లాక్కుంటుంది. ఐసు, ఉప్పు సరిగ్గా కుదిరితే ఆ ఉప్పునీరు మైనస్ 21 డిగ్రీల దాకా దిగగలదు. కరెంటుతో పని లేకుండా ఇంత చలిని పీపాలో పుట్టించడం నాకు ఎప్పటికీ అబ్బురమే.

ఉప్పు పాళ్ల దగ్గరే పనివాడి తెలివి మొదలవుతుంది. ఎక్కువైతే డబ్బా గోడకు గట్టి పెచ్చు కట్టేస్తుంది, నడుమ మాత్రం పాలు పాలుగానే ఉంటాయి. తక్కువైతే గడ్డకట్టడం నెమ్మదించి స్ఫటికాలు తీరిగ్గా పెరుగుతాయి, నాలుక మీద ఇసకలా తగులుతాయి. స్ఫటికం సుమారు 50 మైక్రాన్లు దాటితే నాలుక దాన్ని పట్టేస్తుంది. అంత సన్నటి దాన్ని కంటితో చూసి సరిచేసేవాడు ఎవడూ లేడు. చేయే చూడాలి. డబ్బాను ఆపకుండా తిప్పుతూ, గోడకు పట్టిన పలుచటి పొరను పొడుగాటి గరిటెతో గీకి నడుమకు తోస్తూ ఉండాలి. అలా గీకిన ప్రతిసారీ స్ఫటికం పెరగకముందే విరిగిపోతుంది, నీరు పక్కకు నెట్టేసిన తీపి మళ్లీ అందులోనే కలుస్తుంది. మొదట్లో డబ్బా తేలిగ్గా తిరుగుతుంది. కాసేపటికి బరువెక్కుతుంది, గరిటె చప్పుడు మారుతుంది. ఎప్పుడు ఆపాలో ఆ బరువే చెబుతుంది. ఆపాక డబ్బాను ఐసులోనే కప్పి ఉంచి గట్టిపడనివ్వాలి. ఇదంతా జరుగుతున్నంతసేపూ ఒక్క చుక్క ఉప్పునీరు డబ్బాలోకి చిందకూడదు. చిందిందా, మామిడిపండు మీద పెట్టిన ఖర్చంతా వృథా.

చేతితో తిప్పినదాంట్లో గాలి తక్కువగా చేరుతుంది. ఫ్యాక్టరీ ఐస్‌క్రీమ్‌లో మిశ్రమం ఎంత ఉందో అంత గాలి కూడా ఉండొచ్చు. అందుకే పీపాలో చేసిన ఐస్‌క్రీమ్ చెంచాకు బరువుగా తగులుతుంది, పండు రుచి పలచబడకుండా నోటికి అందుతుంది.

పండు సంగతికి వద్దాం. బంగినపల్లికి పీచు తక్కువ, కాబట్టి గుజ్జు నున్నగా వస్తుంది. రసాలు వాడితే సువాసన ఎక్కువే గానీ పీచు పోయేలా జల్లెడలో వడకట్టుకోవాలి. మామిడిలో పులుపుంటుంది, అందుకని వేడి పాలలో కలిపితే విరుగుతాయి. పాలు మరిగించి చిక్కబరిచి, పూర్తిగా చల్లారాకే గుజ్జు కలపాలి. చలికి నాలుక తీపిని సరిగ్గా గుర్తించదు కాబట్టి, కలిపేటప్పుడు కాస్త ఎక్కువే అనిపించేంత తీపి ఉండాలి. ముక్కలు వేయదలిస్తే వాటిని ముందే చక్కెరలో ఊరబెట్టాలి. లేకపోతే ముక్కలోని నీరు రాయిలా బిగుసుకుని పంటిని జివ్వుమనిపిస్తుంది. పచ్చి అనాసను పాలలో వేస్తే అందులోని ఎంజైమ్ పాలను చేదు చేస్తుంది, కాబట్టి దాన్ని ముందు ఉడికించుకోవాలి. సీతాఫలానికి పూర్తిగా ఎదురు వరస. వేడి తగిలితే దాని గుజ్జే చేదెక్కుతుంది. పైగా ఒక్కో గింజా చేత్తో తీయాలి, తీసింది నల్లబడకముందే వాడుకోవాలి. సీతాఫలం ఐస్‌క్రీమ్ కప్పు ధర చూసి ఎవరైనా ఎక్కువంటే నేను ఒప్పుకోను. గింజ తీసిన వేళ్లకు ఆ డబ్బు సరిపోదు.

ఇంట్లో ఫ్రిజ్ ఉన్నవాళ్లు కూడా ఈ సూత్రాన్ని పట్టుకోవచ్చు. పుచ్చకాయ రసంలో తొంభై శాతానికి పైగా నీరే, దాన్ని అలాగే అచ్చుల్లో పోస్తే గట్టి గడ్డే వస్తుంది. అందులో చక్కెర, చిటికెడు ఉప్పు, నిమ్మరసం కలిపి వెడల్పాటి పళ్లెంలో పలచగా పోయండి. పలచగా ఉన్నది తొందరగా గడ్డకడుతుంది, తొందరగా కట్టిన ఐసులో స్ఫటికాలు చిన్నవి. అంచులు బిగుసుకోగానే ఫోర్కుతో గీకి నడుమకు తోయండి. అరగంటకోసారి మళ్లీ గీకండి. మామిడి గుజ్జుకు ఇంత శ్రమ అక్కర్లేదు. అందులో చక్కెరా పీచూ సహజంగానే ఉన్నాయి కాబట్టి అది కాస్త మెత్తగానే గడ్డకడుతుంది. చిన్న గ్లాసుల్లో పోసి, సగం బిగుసుకున్నాక పుల్ల గుచ్చితే నిటారుగా నిలుస్తుంది. తీసేటప్పుడు గ్లాసును ఒక్క క్షణం చన్నీళ్లలో ముంచితే చాలు, వేడినీళ్లయితే పైపొర కరిగి చేతిలో జారిపోతుంది.