మోగాల్సిన వేళకే మోగాలి

రోజూ పొద్దున 8 గంటలకు బీపీ మాత్ర. 8 గంటలకోసారి యాంటీబయాటిక్. మందుల వేళలు గుర్తుచేసే యాప్ రాయడానికి కూర్చున్నవాళ్లకు ఈ రెండూ ఒకటే పనిలా కనిపిస్తాయి. కావు. మొదటిది గోడమీది గడియారాన్ని బట్టి నడిచేది, రెండోది కిందటి మోతాదు నుంచి ఎంతసేపు గడిచిందో లెక్కపెట్టేది. ఆండ్రాయిడ్ ఈ రెండు లెక్కలకూ వేర్వేరు గడియారాలే ఇచ్చింది. ఒకటి మనం సెట్టింగ్స్‌లో మార్చుకోగలిగినది. ఇంకొకటి ఫోన్ ఆన్ అయిన క్షణం నుంచి, నిద్రలో ఉన్న సేపుతో సహా, ఆగకుండా కూడుకుంటూ పోయేది. ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే అది సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి కిందటి మోతాదు వేసుకున్న సమయాన్ని విడిగా రాసి ఉంచుకోవాలి.

ఈ తేడా విలువ ప్రయాణంలో తెలుస్తుంది. హైదరాబాద్ నుంచి ఒక తల్లి డాలస్‌లో ఉన్న కూతురి దగ్గరికి శీతాకాలంలో వెళ్లిందనుకోండి. పొద్దున 8 అన్న వేళను హైదరాబాద్ లెక్కలోనే బిగించేస్తే అక్కడ రాత్రి 8:30కి మోగుతుంది. అదే మార్చి రెండో ఆదివారం దాటితే 9:30కి. ఆ ఆదివారం అక్కడి గడియారాలు రెండు నుంచి నేరుగా మూడుకు దూకుతాయి, అంటే రెండున్నర అనే వేళే ఉండదు. నవంబరు మొదటి ఆదివారం ఒంటిగంటన్నర రెండుసార్లు వస్తుంది. దేశమంతా ఒకే సమయంతో బతికే మనకు ఇవి తట్టవు. నా మటుకు, ఫోన్ ఉన్న చోటి సమయం మారగానే యాప్ ఆ తల్లిని అడగాలి. మాత్ర వేళ ఎలా జరుపుకోవాలో చెప్పాల్సింది ఆవిడ డాక్టరు, నా కోడ్ కాదు.

ఇక ఫోన్ నిద్ర. 2013లో వచ్చిన ఆండ్రాయిడ్ కిట్‌క్యాట్ నుంచే మామూలు అలారాలు కచ్చితంగా ఆ నిమిషానికే మోగవు. నలుగురెక్కాక కదిలే షేర్ ఆటోలాగా, దగ్గరదగ్గర వేళల పనులన్నిటినీ కలిపి ఫోన్ ఒక్కసారే లేస్తుంది. 2015లో ఆండ్రాయిడ్ 6తో డోజ్ అనే నిద్ర పద్ధతి వచ్చింది. ఛార్జర్ తీసేసి, స్క్రీన్ ఆరిపోయి, బల్లమీద కదలకుండా పడున్న ఫోన్ గాఢనిద్రలోకి జారుకుంటుంది. మధ్యమధ్య కాసేపు లేచి వాయిదాపడ్డ పనులు చేసుకుంటుంది. ఆ మెలకువల మధ్య ఎడం పోనుపోను పెరుగుతుంది. దీన్ని తిట్టుకునే ప్రోగ్రామర్లు చాలామంది. నేను తిట్టను. ప్రతి యాప్ తనకు తోచినప్పుడల్లా ఫోన్‌ను లేపితే సాయంత్రానికి బ్యాటరీ మిగలదు, బ్యాటరీ లేని ఫోన్‌లో రాత్రి మాత్ర అలారమూ మోగదు.

అందుకే పనిలో కొత్తగా చేరిన పిల్లలను నేను ముందుగా అడిగేది ఒక్కటే: ఈ పని అరగంట ఆలస్యమైతే ఎవరికి నష్టం? ఫొటోల బ్యాకప్, వాతావరణం వివరాలు ఆలస్యమైతే ఎవరికీ లేదు. వాటిని ఆండ్రాయిడ్‌లోని వర్క్‌మేనేజర్‌కు అప్పగించి, ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు, వైఫై దొరికినప్పుడు చేయమంటే చాలు. అది మళ్లీమళ్లీ చేసే పనులను 15 నిమిషాలకంటే దగ్గరగా ఒప్పుకోదు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. మందుకు మాత్రం అలారం గడియారానికిచ్చే హోదానే కావాలి. ఆ పద్ధతిలో పెట్టిన అలారం కోసం ఫోన్ కాస్త ముందే డోజ్ లోంచి బయటికొస్తుంది. 2021లో ఆండ్రాయిడ్ 12 కచ్చితమైన అలారాలకు ప్రత్యేక అనుమతి పెట్టింది. ఆండ్రాయిడ్ 14 కొత్తగా వేసుకున్న చాలా యాప్‌లకు దాన్ని అడగందే ఇవ్వడం మానేసింది. మంచి పని చేశారు. ఎందుకు కావాలో మనిషికి తెలుగులో వివరించి అడిగితే ఇస్తారు.

ఐఫోన్‌లో ఇబ్బంది వేరు. ఒక యాప్ ముందుగా పేర్చిపెట్టుకునే నోటిఫికేషన్లు 64 దాటకూడదు. రోజుకు నాలుగు చొప్పున విడివిడిగా పెడితే 16 రోజులకే నిండిపోతాయి.

ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఆండ్రాయిడ్‌లో అలారాలన్నీ చెరిగిపోతాయి, యాప్ వాటిని తిరిగి పెట్టుకోవాలి. మరి పొద్దున 8 గంటల మాత్ర వేళకు ఫోన్ ఆగిపోయి ఉండి, 11కు ఆన్ అయితే? అప్పుడు హడావిడిగా మోగించి 'మాత్ర వేసుకోండి' అనడం ప్రమాదం. ఆ తల్లి ఎనిమిదింటికే తనంతట తాను వేసుకుని ఉండొచ్చు. నేనైతే తెరమీద పెద్ద అక్షరాలతో '8 గంటలకు గుర్తుచేయలేకపోయాం. వేసుకున్నారా?' అని అడిగిస్తాను. వేసుకోలేదంటే, మందు పేరు కింద డాక్టరు చెప్పిన జాగ్రత్తను చూపించి, తర్వాతి అలారం ఎప్పుడో చెప్పి ఆగుతాను.