సాదుకున్న బిడ్డకు కబడ్డీ ఎందుకంటే

మొన్న మా పాలమూరులోని ఆత్మకూరు బస్టాండులో ఒక పెద్దమనిషి మాట విని మనసు చివుక్కుమంది. అమ్మానాయన లేని పిల్లను తెచ్చి సాదుకుంటున్న కుటుంబం గురించి, “తిండి పెట్టి బడికి పంపుతున్నరు, చాలదా? మళ్లీ కబడ్డీ ప్రాక్టీసు ఎందుకు?” అన్నాడు.

వేసవి శిబిరాలన్నా, పిల్లల మీద క్లాసులు రుద్దడమన్నా నాకెంత గిట్టదో ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఊరి మీదికి వదిలితే ఆటలు వాళ్లే నేర్చుకుంటారని ఎన్నిసార్లు రాశానో! అయినా ఆ పెద్దమనిషితో ఔననలేకపోయాను.

కిన్నెర మొగిలయ్య గుర్తొచ్చాడు. మన పక్క నాగర్‌కర్నూల్ జిల్లా, లింగాల మండలం అవుసలికుంట మనిషి. పన్నెండు మెట్ల కిన్నెర మీద జానపద వీరుడు పండుగ సాయన్న కథ పాడే ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ విద్య ఇంటి నుంచి వచ్చింది. తండ్రి కథ చెప్పబోతే కొడుకు వెంట నడుస్తాడు, వింటూ వింటూ తీగ పట్టుకుంటాడు. అమరచింతలో మగ్గం పని, వడ్డెమాన్‌లో కురుమూర్తి స్వామికి ఉద్దాలు (పాదరక్షలు) కుట్టే పని, ఊరూరా కోలాటం అడుగులు... పాలమూరులో ఏ విద్య చూసినా పెద్దవాళ్ల పక్కన కూర్చుని పట్టుబడ్డదే. ఊరి మీదికి వదలమని నేను రాసినప్పుడల్లా ఆ పిల్లల వెనక ఒక ఇల్లుంది. ఇల్లు తెగిన బిడ్డకు నేర్పే మనిషిని మనమే వెతికిపెట్టాలి. క్లాసులో చేర్పించైనా సరే.

ఇలా ఇంట్లో పెట్టుకుని సాదుకోవడాన్ని చట్టం ఫోస్టర్ కేర్ అంటుంది. 2015 బాలల న్యాయ చట్టంలో 44వ సెక్షన్ దాని గురించే. మిషన్ వాత్సల్య పథకం కింద బిడ్డకు నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. ఒక్కో బిడ్డకు రాసే వ్యక్తిగత సంరక్షణ ప్రణాళికలో చదువు, ఆరోగ్యాలతో పాటు ఆటకూ సృజనకూ చోటిచ్చారు. అక్కడ “ఆటలంటే ఇష్టం” అని రాసి ఊరుకుంటే లాభం లేదు. ఏ ఆట, ఎవరి దగ్గర, చీకటి పడితే ఇంటికి ఎవరు తీసుకొస్తారు, అన్నీ రాయాలి. బిడ్డ ఇల్లు మారాల్సి వచ్చినా గురువు మారకుండా చూడాలి.

ఆత్మకూరు, అమరచింత పీఈటీ సార్లూ, కోలాటం గురువులూ, జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్లి మీ పేరు ఇవ్వండి. ఒక్క బిడ్డను చేర్చుకోండి. ఫీజు మాత్రం అడగకండి.