మన ప్రేమకథకు అడ్డు ఎక్కడుంది?

ప్రేమకథ రాయడం తేలికని మన యువతలో చాలామంది అనుకుంటారు. ఇద్దరు కలుస్తారు, విడిపోతారు, మళ్లీ కలుస్తారు. కానీ చదివేవాళ్ల చేత పేజీ తిప్పించేది కలవడం కాదు, వాళ్ల మధ్యనున్న అడ్డు. అది నిజమైనదైతేనే కథ నిలబడుతుంది.

ఈ కిటుకు బాగా తెలిసిన రచయిత్రి యద్దనపూడి సులోచనారాణి. 1960లలో సీరియల్‌గా వచ్చిన ఆమె నవల 'సెక్రటరీ' 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా అయింది. అందరికీ గుర్తున్నది రాజశేఖరం డబ్బు, కారు, దర్జా. నవలను నడిపింది మాత్రం జయంతి ఆత్మాభిమానం. ఆమెకు ఉద్యోగం కావాలి, యజమాని దయ అక్కర్లేదు. మనసులో ప్రేమ ఉన్నా తల వంచదు. అడ్డు ఆమె లోపలే ఉంది కాబట్టి పాఠకులు ఆమెతోపాటు నలిగారు.

మన కొత్త కథకులు కొందరు కారును తీసుకుని అభిమానాన్ని వదిలేస్తున్నారు. కథానాయకుడికి మోటారుసైకిల్ ఇస్తారు, ఆర్ట్స్ కాలేజీ మెట్లమీద పాట పెడతారు, చివర్లో డబ్బున్న తండ్రిని అడ్డం తెస్తారు. అది సినిమాల అడ్డు. మన ఇళ్లలో మొదటి ప్రశ్న ఆస్తి గురించి కాదు, వరస గురించి. కోయలు గట్టు అడుగుతారు, లంబాడీలు గోత్రం అడుగుతారు.

ఒక కథ ఊహించండి. ఉస్మానియాలో చదివే ఇద్దరు లంబాడీలు. అబ్బాయిది మహబూబాబాద్ వైపు తండా, ఇంటిపేరు భూక్యా. అమ్మాయిది ఆదిలాబాద్ వైపు తండా, ఇంటిపేరు రాథోడ్. ఇంటిపేర్లు వేరు కదా అని ధైర్యంగా ఉన్నారు. విద్యానగర్ స్టేషన్‌లో రైలు దిగి గదులకు నడుస్తూ గోర్‌బోలీలో మాట్లాడుకుంటారు. తీజ్ పండుగకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మాయి నోరు విప్పితే పెద్దలు చెప్పే మాట ఒక్కటే: భూక్యా, రాథోడ్ ఒకే గోత్రం, మీరు అన్నాచెల్లెళ్లు.

ఇందులో దుర్మార్గుడు లేడు. నాయక్‌ను మూర్ఖుడిగా చూపిస్తే కథ చచ్చిపోతుంది. అన్నదమ్ముల వరస ఉన్నందుకే ఆడపిల్ల కొత్త తండాకు పోయినా చెల్లెలిగా అన్నం తింటుంది. ఆ ఆదరణ కావాలి, ఈ మనిషీ కావాలి. ఏది వదులుకున్నా నష్టమే. పాఠకుడికి నిద్ర పట్టనిచ్చేది కాదు ఈ కథ.

ఉపాధ్యాయులకు ఒక మనవి. పిల్లలు ప్రేమకథ రాస్తామంటే ఆపకండి. ముందు ఇంట్లో అవ్వను కూర్చోబెట్టి వరసలు అడిగి రమ్మనండి. మన అడ్డు మనకు తెలిస్తే, దాన్ని దాటాలో, గౌరవించాలో కథే తేలుస్తుంది.