మొవ్వు చీల్చి చూస్తే

మక్క చేను మోకాలెత్తుకు రాగానే ఒకటో రెండో మొక్కల్ని వేర్లతో పీకి, గట్టు మీద కూర్చుని నిలువునా చీల్చి చూడటం నా యాసంగి అలవాటు. "పెరిగే మొక్కను పీకి కోసుడేంది బిడ్డా?" అంటాడు పక్క చేను కాక. అంటూనే తనూ వచ్చి పక్కన కూర్చుంటాడు.

దీనికి కొడవలి పనికిరాదు. కూరగాయలు తరిగే సన్న చాకు కావాలి. ఆకుల తొడుగులు ఒక్కొక్కటే ఊడదీసి కాండాన్ని నడిమికి కోస్తే, కింద కణుపులు ఒకదాని మీద ఒకటి ఇరుక్కుని చారలుగా కనిపిస్తాయి. వాటి నెత్తిన బియ్యపు నూకంత మొన. రాబోయే ఆకులూ కాండమూ దానిలోంచే రావాలి. ఐదాకుల దాకా ఈ మొన మట్టి లోపలే ఉంటుంది. అందుకే లేత చేనును మేక కొరికినా, వడగళ్లు చితక్కొట్టినా మళ్లీ చిగురేస్తుంది. ఆరో ఆకు వచ్చేసరికి మొన నేల మీదికి తేలుతుంది. ఆపైన కత్తెర పురుగు సుడిలోకి దిగి దాన్ని తిన్నదంటే ఆ మొక్క మీద ఆశ వదులుకోవాల్సిందే. కొన్నాళ్లాగి ఇంకో మొక్కను కోస్తే ఆ నూకంత మొన బుల్లి బుల్లి రెమ్మలున్న మగపూతగా మారి ఉంటుంది. గట్టు మీది నుంచి చూసేవాడికి ఆకులు తప్ప ఏమీ కనపడవు. లోపల మాత్రం కొత్త ఆకులు పుట్టించే పని అప్పటికే ముగిసిపోయింది.

మొక్కలోని ఈ మలుపుల వెనక ఉండేవి హార్మోన్లు. మన దగ్గర ఆ మాట వినగానే ఎరువుల దుకాణంలోని రంగు సీసాలు గుర్తొస్తాయి. "అన్నా, ఇది ఒక్కసారి కొట్టు, కంకి కొసదాకా గింజ పడ్తది" అంటాడు దుకాణం పిల్లాడు. దాన్ని టానిక్ అంటారు. సీసాలన్నీ మోసమని నేననను. గింజలేని ద్రాక్షలో పండు సైజు పెరగడానికి జిబ్బరెల్లిక్ ఆమ్లం కొడతారు, పని చేస్తుంది. కానీ అక్కడ రైతు ఏ దశలో, ఎంత మోతాదులో అన్నది పట్టుకుని కొడతాడు. మక్కకు వచ్చేసరికి చేను పచ్చగా లేదనిపించినప్పుడల్లా కొట్టడమే. టానిక్ అన్నాక ఎంత పడితే అంత మేలని మన లెక్క. మొక్క లెక్క వేరు. ఒక హార్మోనును కొన్నాళ్లు చేసుకుంటుంది, ఆపేస్తుంది. ఒకచోట పెంచి, పక్కనే తగ్గిస్తుంది. ఆ ఆపడంలోనే సగం వ్యవహారం ఉంది.

మోకాలెత్తు నుంచి పూత దాకా మక్క ఎదిగే జోరు చూసినవాళ్లకు తెలుసు. నేను కోసి చూసిన ఆ ఇరుకు కణుపుల మధ్య దూరం ఒక్కసారిగా సాగుతుంది. సాగదీసేది ప్రధానంగా జిబ్బరెల్లిన్ అనే హార్మోను. దీని కథ జపాన్ వరి మళ్లలో మొదలైంది. అక్కడ ఒక తెగులు సోకిన వరి నారు సన్నగా, పిచ్చిగా పొడుగు సాగేది. ఆ తెగులు శిలీంధ్రం వదిలే పదార్థమే దీనికి కారణమని 1926లో కురొసావా అనే శాస్త్రవేత్త చూపాడు. మరి శిలీంధ్రం విషయం సరే, మొక్క సొంతంగా దాన్ని వాడుకుంటుందా? ఇక్కడ మక్క సాక్ష్యం చెప్పింది. 1956లో కాలిఫోర్నియాలో బెర్నార్డ్ ఫిన్నీ మరుగుజ్జు మక్కలకు జిబ్బరెల్లిన్ వేసి చూస్తే కొన్ని రకాలు మామూలు మొక్కల్లా లేచాయి. అవి హార్మోనును చేసుకోలేక కురచబారిన రకాలు. ఇంకో రకం ఎంత వేసినా కదల్లేదు. దానికి హార్మోను కొరత లేదు, హార్మోను చెప్పింది వినే యంత్రాంగంలోనే తేడా. హరిత విప్లవంలో వచ్చిన పొట్టి గోధుమలో ఉన్నదీ అదే కోవ జన్యువని 1999లో తేలింది.

అంచేత మంచి ఎత్తు పెరిగే హైబ్రిడ్ మక్క మీద జిబ్బరెల్లిన్ కొట్టడంలో నాకు అర్థం కనపడదు. తనకు కావలసింది తనే చేసుకుంటోంది. ఇంకా సాగితే గాలివానకు పడిపోతుంది. చైనాలో కొన్నిచోట్ల దీనికి ఉల్టాగా, చేను పడిపోకుండా ఎథిఫాన్ అనే మందు కొట్టి కాండాన్ని కురచ చేస్తారు.

ఆ మరుగుజ్జు మక్కల్లో ఇంకో వింత ఉంది. వాటి కంకి పువ్వుల్లో కేసరాలు కూడా వస్తాయి. మక్కలో మగపూత పైన, కంకి పక్కన అని మనం విడివిడిగా చూస్తాం గానీ, పుట్టేటప్పుడు ప్రతి పువ్వులో రెండూ ఉంటాయి. కంకిలో కేసరాలు ఎదగకుండా ఆపడంలో జిబ్బరెల్లిన్ చెయ్యి ఉంది. పైన మగపూతలో అండాశయాన్ని చంపేది జాస్మోనిక్ ఆమ్లం, మల్లె జాతి పూల వాసనలో ఉండే పదార్థానికి దగ్గరి చుట్టం. అది తయారుకాని మక్కలో మగపూత స్థానంలో గింజలు కడతాయని 2009లో పరిశోధకులు బయటపెట్టారు. ఈ వింత కోసం ప్రయోగశాలకు పోనక్కర్లేదు. చేను అంచున మొదట్లోంచి పక్క పిలకలు లేచిన మొక్కల్ని చూడండి. ఎక్కడో ఒక పిలక నెత్తిన మగపూత రెమ్మల నడుమ, పొత్తి లేకుండా, ఎండకు ఎరుపెక్కిన గింజలు దొరుకుతాయి. మా ఊళ్లో దాన్ని చూసి అరిష్టం అన్నవాళ్లూ ఉన్నారు. నేనైతే జేబులో వేసుకుని తెచ్చి పిల్లలకు చూపిస్తాను.

మోకాలెత్తులో యూరియా వేయాలని మా నాయనకు ఎవరూ హార్మోన్ల పాఠం చెప్పలేదు. అయినా ఆ పైపాటు ఊరికే ఆకును పచ్చబరచడం కాదు. వేరుకు నత్రజని అందగానే అక్కడ సైటోకైనిన్ అనే హార్మోను తయారీ పెరిగి, రసంతోపాటు ఆకుల దాకా ఎక్కుతుంది. 2001లో జపాన్ వాళ్లు ఇది మక్కలోనే కొలిచి చూపారు. నేలలో తిండి ఉందన్న కబురు పైకి చేరేది ఆ దారిలో. సైటోకైనిన్ కావాలంటే సీసా కొనాలా, పదునులో యూరియా వేసి మట్టి ఎగదోయాలా అన్నది రైతే తేల్చుకోవాలి.

సహజంగా మొక్కలో దొరికిన మొదటి సైటోకైనిన్ కూడా మక్క గింజలోదే. న్యూజిలాండ్‌లో లెథమ్ అనే శాస్త్రవేత్త 1963లో పాల గింజల నుంచి దాన్ని శుద్ధి చేసి తీశాడు, జియాటిన్ అని పేరు పెట్టారు. ముదురు గింజలు కాకుండా లేతవే ఎందుకు తీసుకున్నాడంటే అది ఉండేది అప్పుడే. పుప్పొడి పడ్డాక తొమ్మిది, పది రోజులకు గింజలో సైటోకైనిన్ పతాకస్థాయికి వెళ్తుంది. ఆ రోజుల్లో కణాలు జోరుగా చీలుతూ పోతాయి. పిండి దాచుకునే గదులు ఎన్ని అన్నది చాలావరకు అప్పుడే ఖాయమవుతుంది. తర్వాత సైటోకైనిన్ పడిపోతుంది, ఆక్సిన్ అనే ఇంకో హార్మోను లేస్తుంది. చీలడం ఆగి కణాలు ఉబ్బుతాయి, పిండి నిండటం మొదలవుతుంది. మనం పొత్తి ఒలిచి గోరుతో నొక్కి "పాలు పోసుకుంది" అని మురిసేనాటికి గదులు కట్టడం అయిపోయి ఉంటుంది.

కొసదాకా గింజ పట్టడం అంతకంటే ముందటి సంగతి. కంకి మొదట్లోని పీచు ముందు బయటికొస్తుంది, కొసది చివర్న. నీటి ఎద్దడి వస్తే మగపూత దాదాపు వేళకే పుప్పొడి రాలుస్తుంది గానీ పీచు ఆలస్యమవుతుంది. ఆలస్యంగా వచ్చిన కొస పీచుకు పుప్పొడి దొరకదు. దొరికి గింజ కట్టినా చక్కెర అందక మాడిపోతుంది. మెక్సికోలోని సిమ్మిట్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కరువుకు తట్టుకునే మక్క కోసం ఏళ్ల తరబడి ఎంచింది ఈ మగపూతకూ పీచుకూ మధ్య ఎడం తక్కువున్న మొక్కల్నే. ఈ దశలో నేను పొద్దున్నే చేలోకి పోతాను. మధ్యాహ్నం ఆకు చుట్టుకోవడం మామూలే. పొద్దున ఎనిమిదింటికి కూడా విప్పుకోలేదంటే బోరు వైపు నడవాలి. దుకాణం వైపు కాదు.

హార్మోన్లలో చివరగా అబ్సిసిక్ ఆమ్లం. ఎండల్లో ఆకు రంధ్రాలు మూయించేది ఇదే. గింజలో దీని పని ఇంకోటి: చుట్టూ తడి ఉన్నా కంకి మీదే మొలకెత్తకుండా పట్టి ఉంచడం. పసుపు రంగునిచ్చే కెరోటినాయిడ్ల నుంచి మొక్క దీన్ని చేసుకుంటుంది. ఆ కెరోటినాయిడ్లే లేని కొన్ని మక్కల్లో గింజలు తెల్లగా ఉండి, కంకి కోయకముందే మొలకలేస్తాయి. వాటిలో జిబ్బరెల్లిన్ కూడా తగ్గిస్తే మొలక ఆగుతుందని చూశారు. అంటే ఒకటి ఎంత ఉందన్నది కాదు, రెండింటి మధ్య తూకం.

గింజ మొదలు గీకితే నల్ల పొర కనిపించిందంటే నిండటం ఆగింది, కోయొచ్చు. గింజ ఎండేకొద్దీ అబ్సిసిక్ ఆమ్లం కాపలా సడలిపోతుంది. ఇప్పటి హైబ్రిడ్లకు నిద్రావస్థ పెద్దగా ఉండదు కూడా. అకాల వానకు కల్లంలో కుప్ప తడిస్తే రెండు మూడు రోజుల్లోనే తెల్లటి మొలకలు తొంగిచూస్తాయి, మార్కెట్లో ధర కోస్తారు. నిరుడు దుకాణం పిల్లాడు దీనికీ ఏదో మందుందన్నాడు. ఆ డబ్బుతో ఇంకో టార్పాలిన్ కొన్నాను.