మాయను విచారించే పోలీసు: ఉప్పల్, నాచారం నుంచి 'రివర్స్ ఆఫ్ లండన్' పఠనం

వ్యాససంగ్రహం: నగర జీవితం నేపథ్యంగా సాగే అద్భుత కల్పనలో అపరాధ పరిశోధన చేరినప్పుడు పాఠకునికి కలిగే ఆనందానికి కారణమేమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బెన్ ఆరొనోవిచ్ రచించిన 'రివర్స్ ఆఫ్ లండన్' (2011) నవలను యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం'తో పోల్చి చూస్తుంది.

కీలక పదాలు: అద్భుతరసం, అపరాధ పరిశోధన, నగర కల్పన, తులసిదళం, కట్టమైసమ్మ.

1. ప్రవేశిక

తెలుగులో డిటెక్టివ్ నవల, క్షుద్రశక్తుల నవల రెండూ విస్తృత పాఠకాదరణ పొందాయి. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్ ఆధారాలను వెతికే డిటెక్టివ్. 1980ల ఆరంభంలో ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వెలువడిన 'తులసిదళం'లో ఒక బాలిక ప్రాణం చుట్టూ వైద్యం, మంత్రం ఎదురెదురుగా నిలుస్తాయి. ఇది మూఢనమ్మకాలను పెంచుతుందన్న విమర్శను ఆ నవల ఎదుర్కొంది. ఆ విమర్శ ఉపేక్షించదగినది కాదు. అయితే అక్కడే ఆగితే, అన్ని వేలమంది దాన్ని ఎందుకు అంత ఇష్టంగా చదివారన్న ప్రశ్నకు సమాధానం దొరకదు.

2. సాక్ష్యంగా మారిన మాయ

'రివర్స్ ఆఫ్ లండన్' కథానాయకుడు పీటర్ గ్రాంట్ కొత్తగా ఉద్యోగంలో చేరిన కానిస్టేబుల్. హత్య జరిగిన చోట కాపలా కాస్తుండగా అతనికి ఒక ప్రత్యక్షసాక్షి ఎదురవుతాడు. ఆ సాక్షి దెయ్యం. పీటర్ పారిపోడు, వాంగ్మూలం తీసుకోవడానికి పూనుకుంటాడు. ఇన్‌స్పెక్టర్ నైటింగేల్ వద్ద మంత్రవిద్య అభ్యసిస్తూ, మంత్రప్రయోగం వల్ల సెల్‌ఫోన్లు ఎందుకు పాడవుతాయో ప్రయోగాలు చేసి చూస్తాడు.

అద్భుతరసానికి స్థాయీభావం విస్మయం. కారణం తెలిస్తే విస్మయం సన్నగిల్లుతుందని సాధారణంగా భావిస్తాం. ఈ నవలలో దానికి విరుద్ధంగా జరుగుతుంది. మంత్రానికీ నియమాలున్నాయని, దానికీ మూల్యం చెల్లించాలని తెలిసేకొద్దీ తర్వాతి అద్భుతం మరింత విశ్వసనీయమవుతుంది. 'తులసిదళం' పాఠకుణ్ణి రెండు వివరణల మధ్య నిలిపి భయపెడుతుంది. ఈ నవల ఆ రెండింటినీ ఒకే కేసు డైరీలోకి ఎక్కించి ఆనందపరుస్తుంది.

3. స్థలం, దేవత, ప్రయోగశాల

ఈ నవలలో థేమ్స్, దాని ఉపనదులు మనుషుల రూపంలో నగరంలో తిరుగుతాయి. వీధుల కింద పూడుకుపోయిన వాగులకూ రూపం, అభిమానం ఉంటాయి. తెలంగాణ పాఠకునికి ఈ భావన కొత్తది కాదు. చెరువు కట్ట మీద కొలువైన మైసమ్మ ఆ చెరువును కాపాడుతుందన్న విశ్వాసం ఇక్కడ నేటికీ సజీవం. ఉప్పల్ నల్లచెరువు చుట్టూ నగరం పెరిగింది. డి.ఎన్.ఎ. ఆధారంగా వ్యక్తులను గుర్తించే కేంద్రీయ సంస్థ సి.డి.ఎఫ్.డి. ఒకప్పుడు నాచారంలో పనిచేసి, నేడు ఉప్పల్‌లో ఉంది. రక్తపు మరక ఎవరిదో తేల్చే శాస్త్రమూ, నీటికి కావలి ఎవరో చెప్పే విశ్వాసమూ ఇరుగుపొరుగున ఉన్న ప్రాంతమిది. ఇక్కడి పాఠకుడు ఆరొనోవిచ్ లండన్‌ను పరాయి ఊరుగా చదవనక్కరలేదు.

4. పరిమితి

హత్యల వెనుక ఉన్నది పంచ్ అనే బొమ్మలాట పాత్ర. తోలుబొమ్మలాటలోని జుట్టుపోలిగాణ్ణి ఎరిగినవారికి ఈ కల్పన సులభంగా అందుతుంది: జనాన్ని నవ్వించిన మోటుదనమే ఇక్కడ హింసగా పరిణమిస్తుంది. అయితే హత్యల కథ, నదుల తగవు చాలావరకు వేర్వేరుగానే నడుస్తాయి. రెండింటినీ కలిపే బలమైన కార్యకారణ సంబంధం లేకపోవడం ఈ నవలలోని శిల్పలోపం. ఆధారాల మీద నిలిచిన కథకు ఇది చిన్న లోపం కాదు.

5. ముగింపు

అద్భుత కల్పనను 'నమ్మదగినదా, కాదా' అన్న ఒక్క కొలతతో తూచడం చాలదు. ఆ కథాలోకం తన నియమాలకు తాను కట్టుబడిందా, తన స్థలాన్ని నిజంగా ఎరిగిందా అన్నవి కూడా విమర్శ అడగవలసిన ప్రశ్నలు. వాటిని పక్కన పెట్టినంతకాలం మన జనప్రియ నవల పరిశోధకులకు కాలక్షేపంగానే కనిపిస్తుంది. నల్లచెరువు కట్ట మీద వాంగ్మూలం రాసుకునే తెలుగు కానిస్టేబుల్ వచ్చినా గుర్తించలేం.