అంతర్నేత్రము – ఆసరా

సత్యజిత్ రాయ్ 1972లో 'ది ఇన్నర్ ఐ' అను చిన్న చిత్రమును తీసెను. ఇంచుమించు ఇరువది నిమిషముల ఆ చిత్రమునకు నాయకుడు వినోదవిహారి ముఖర్జీ. ఆయన 1904లో కలకత్తాలోని బెహాలాలో జన్మించిన చిత్రకారుడు. శాంతినికేతనమున రాయ్‌కు గురువు. పుట్టుకనుండి ఒక కంట చూపు లేదు, రెండవ కంట మిక్కిలి తక్కువ. శస్త్రచికిత్స ఫలింపక 1957 నాటికి ఆ కాస్త వెలుగును ఆరిపోయెను. అటుపిమ్మట 1980లో కన్నుమూయువరకు గడచిన ఇరువదికి పైబడిన యేండ్లలో ఆయన చేతికి విశ్రాంతి లేదు. వార్ధక్యమును వైకల్యమును ఒక్క దేహమునందే కలిసినపుడు ఆ మనిషికి నలుగురి నడుమ ఏ చోటు మిగులును? ఈ ప్రశ్నకు రాయ్ చెప్పిన సమాధానము గొప్పది. కాని అది సగము సమాధానమే.

తక్కిన సగమును తెలిసికొనుటకు 1955 నాటి 'పథేర్ పాంచాలి'కి మరలిపోవలెను. విభూతిభూషణుని నవల అనువాదరూపమున తెలుగువారికి పరిచితమే. కలకత్తా శివారునగల బొరాల్ గ్రామమున రాయ్ దానికి రూపము కట్టెను. నడుము వంగి నేలచూపు చూచుచు నడచు ఇందిర్ ఠాక్రూన్‌కు ఆ ఇంట ఒక మూలనున్న పాడుపంచయే ఆశ్రయము. ఇరుగుపొరుగువారిని అడిగి దుప్పటి తెచ్చుకొన్నచో ఇంటి ఇల్లాలికి తలవంపు. సర్వజయ దుష్టురాలు కాదు. ఉన్న బియ్యము ఇంతే, తినునోళ్లు ఇన్ని అని లెక్కించు పేదరాలు. ఆ లెక్కలో ముసలామె ఒక నోరు మాత్రమే. రాత్రివేళ పిల్లలకు ఆమె చెప్పు కథలు ఆ లెక్కకు రావు. కడసారి వచ్చినపుడు నీరు త్రాగి, మిగిలిన చుక్కలను ఒక చిన్న మొక్కకు పోసి వెడలిపోవును. ఆ తరువాత వెదురుపొదల నడుమ ఆమె మరణించియుండగా పిల్లలు చూతురు. ఆ నీటిచుక్కలను కరుణరసమునకు ఉదాహరణముగ చూపుట తేలిక. అవి తనకును చేయదగిన పని యొకటి కలదని ముసలామె తెలుపుట అని చూచినచో దృశ్యము మరింత కఠినమగును.

ఈ పాత్రను ధరించిన చునీబాలాదేవి ఎనుబదేండ్ల ప్రాంతపు పాత రంగస్థల నటి. తెరమీద ఎవరికిని అక్కరకురాని ముసలామెకు తెరవెనుక పని కలదు, ఆమె కొరకు కాచుకొనియుండు బృందము కలదు. చిత్రము చెప్పని మాటను చిత్రనిర్మాణము చెప్పినది.

వినోదవిహారికి అట్టి బృందము బాల్యముననే దొరికెను. 1919లో ఆయన కళాభవనమున చేరినపుడు, ఇంత తక్కువ చూపుతో బొమ్మలు నేర్వగలడాయని నందలాల్ బోసు సందేహించెను. బాలుని ఉండనిమ్మని రవీంద్రుడు నిర్ణయించెను. ఆ ఒక్క నిర్ణయముమీదనే తరువాతి చరిత్రయంతయు నిలిచినది. 1946-47లో హిందీభవనపు గోడలమీద మధ్యయుగపు భక్తకవుల మహాచిత్రము వెలసినది. చూపు పోయినపిదప ఆయన కళాచరిత్రను బోధించు ఆచార్యుడుగ మరల శాంతినికేతనమునకు వచ్చెను. కన్ను అడుగని, జ్ఞాపకమును వాక్కును మాత్రమే అడుగు పని అది. 1972 నాటి పలకల కుడ్యచిత్రమునకు ఆయన కాగితమును మడచి, కత్తిరించి రూపములు కల్పించెను. వానిని పలకలపైకి తెచ్చి గోడకెక్కించుటలో ఇతరుల చేతులు తోడ్పడెను.

ఇదంతయు రాయ్ చిత్రమున కలదు. ఆ వ్రేళ్లు కాగితమును తడుముటను కెమెరా ఎంతో మర్యాదతో చూచినది, జాలికి తావీయలేదు. అయినను శీర్షిక మాత్రము ఫలమంతయు లోపలికంటికే ముట్టజెప్పినది. అంతర్నేత్రమున్న మహానుభావునికి గోడ లభించినదని ప్రేక్షకుడు తలచును. గోడనిచ్చినవారు, పలకలు పేర్చినవారు తెరయంచుననే నిలిచిపోయిరి. అంతర్నేత్రము లేని సామాన్యుడైన ముసలివాని మాట యేమి? చిత్రము ఈ ప్రశ్నను దరికి రానీయదు.

ఈ లోపము రాయ్ ఒక్కనిది కాదు. వ్యాసభారతము ధృతరాష్ట్రుని 'ప్రజ్ఞాచక్షువు' అని పేర్కొన్నది. ఆశ్రమవాసపర్వ కథను తెలుగు పాఠకుడెరుగును. యుద్ధానంతరము పదునైదేండ్లు ధర్మరాజు ఆ గ్రుడ్డి పెదతండ్రికి ఏ లోటును రానీయలేదు. అన్నమున్నది, పరిచారకులున్నారు, మన్నన యున్నది. భీముని ములుకుమాటలు మాత్రము ఆగలేదు. వృద్ధరాజు అడవికి బయలుదేరెను. కుంతి ముందు నడువగా ఆమె భుజముపై గాంధారి చేయి, గాంధారి భుజముపై ధృతరాష్ట్రుని చేయి. నగరము ఈయలేని ఆసరా ఆ మూడు దేహముల వరుసలో కలదు. బిరుదముతో ప్రయోజనమెంత? 2015 చివర ప్రతిపాదింపబడి ప్రభుత్వవ్యవహారమున స్థిరపడిన 'దివ్యాంగులు' అను మాటయు ఈ జాతిదే. 2016 నాటి చట్టము అంతకంటె మేలు. అది మెట్లను, ద్వారములను గూర్చి మాటలాడినది.

తెలుగుదేశమున ద్వారం వెంకటస్వామి నాయుడుగారి నాదమును కీర్తించినవారు కొల్లలు. చిన్ననాటినుండి చూపు మందమైన ఆ ఇరువదియారేండ్ల యువకునికి 1919లో వాయులీనాచార్య పదవినొసగిన విజయనగరపు సంగీత కళాశాలను తలచువారు అరుదు.

ఉత్తర కలకత్తాలోని పాత ఇండ్లముందు వీధికానుకొని ఎత్తుగ కట్టిన తిన్నె యుండును. వంగవాసులు దానిని 'రోవాక్' అందురు. అది తెలుగు ఇంటి అరుగే. కాళ్లు సాగనివాడును అచ్చట కూర్చుండి వీధినంతటిని పలుకరింపగలడు. లోకమే అతని కడకు వచ్చును. పాత ఇండ్లు పడి అంతస్తుల ఇండ్లు లేచినచోట అరుగు పోయినది, రోవాక్ పోయినది. ముసలివాడు మూడవ అంతస్తు కిటికీకడ చేరినాడు. తెలుగు కథ అతనిని అచ్చటనే పట్టుకొన్నది. కొడుకు నిరాదరణమును, కోడలి మాటలను, పట్టణపు ఒంటరితనమును అది కన్నీరు పెట్టించునట్లు వర్ణించినది. అతనికిని వీధికిని నడుమ ఎన్ని మెట్లున్నవో, పట్టుకొనుటకు కమ్మి యున్నదో లేదో, ఏ అంతస్తులో ఎవరు తలుపు తీయుదురో మాత్రము ఆ కథలలో సాధారణముగ కానరాదు.