కొమరవోలు చంద్రశేఖరన్ సంఖ్యా సిద్ధాంత గ్రంథము – ఒక పరిశీలనము

పూర్ణాంకములు ఒకదానికొకటి ఎడముగా నిలుచును. విశ్లేషణ గణితమో ఎడము లేక సాగు రాశులను, అవధులను విచారించును. ఈ రెండింటికిని గల చుట్టరికమును విద్యార్థికి తెలుపు ప్రామాణిక గ్రంథములలో కొమరవోలు చంద్రశేఖరన్ ఇంగ్లీషున రచించిన ‘వైశ్లేషిక సంఖ్యా సిద్ధాంత ప్రవేశము’ ఒకటి. 1920లో మచిలీపట్టణమున జన్మించి, బొంబాయి టాటా పరిశోధన సంస్థలో గణితశాఖను తీర్చిదిద్ది, పిదప జూరిచ్ చేరిన ఈ ఆంధ్రుని గ్రంథము 1968లో వెలువడినది.

ఇందు అధ్యాయములు పదునొకండు. ఏ పూర్ణాంకమునైనను ప్రధాన సంఖ్యల లబ్ధముగా ఒకే విధమున విడదీయనగునను సూత్రముతో గ్రంథము మొదలగును. ప్రధాన సంఖ్యా సిద్ధాంతముతో ముగియును. 100 లోపల ప్రధాన సంఖ్యలు 25. 1,000 లోపల 168. 10,000 లోపల 1,229. పోనుపోను అవి పలుచబడుచున్నవి. ఒక సంఖ్య లోపలి ప్రధాన సంఖ్యల లెక్క, ఆ సంఖ్యను దాని సహజ సంవర్గమానముచే భాగింపగా వచ్చు ఫలమునకు నిష్పత్తిలో చేరువగుచుండునని 1896లో అడమార్, డి లా వాలే పూసే వేర్వేరుగా నిరూపించిరి. విడివిడి అంకెల లెక్కకు సంవర్గమానము కొలబద్ద యగుటయే ఇందలి వింత.

రచయిత ఈ ఫలితమునకు తొందరపడడు. ఏడవ అధ్యాయమున చెబిషేవ్ అంచనాలను, పదవ అధ్యాయమున అంకశ్రేఢిలోని ప్రధాన సంఖ్యలను గూర్చిన డిరిక్లే సిద్ధాంతమును ముందుగా నిలుపును. శిడ్లఘట్టలో పట్టుగూళ్లనుండి దారము తీయువారు మొదట కొన వెదకి, పిదప తెగకుండ చుట్టుదురు. ఈ గ్రంథమున నిరూపణములు సాగు తీరును అట్టిదే.

అయినను శైలి మిక్కిలి పొదుపు. పై పట్టభద్రునకు ఇది గుణము. కొత్తగా చదువువానికి శ్రమ. పై మూడు లెక్కల వంటి ఉదాహరణములను ఉపాధ్యాయుడు చేర్చి చెప్పిననే సిద్ధాంతము మనసునకు పట్టును.

ఆ చేర్పు తెలుగున జరుగుట కొత్త కాదు. 9వ శతాబ్దమున కన్నడదేశమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. మల్లనను సాధారణముగా 11వ శతాబ్దమువానిగా చెప్పుదురు. భారతాంధ్రీకరణము మొదలైన కాలమునకు సమీపముననే తెలుగున గణితమును పలికినదన్నమాట. కన్నడ సీమ గ్రంథము తెలుగైనప్పుడు, తెలుగువాడు వ్రాసిన గ్రంథము తెలుగు కారాదా?

శిడ్లఘట్ట, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో ఇంట తెలుగు మాటాడి, బడిలో వేరొక భాషలో లెక్కలు నేర్చు పిల్లలు పెక్కుమంది. తల్లిభాష కథలకును పద్యములకును మాత్రమే తగునని, నిరూపణమునకు చాలదని వారికి తోచినచో, ఆ భాష వారి ఆలోచనలో సగమును కోల్పోవును. గ్రంథమంతయు ఒక్కసారిగా అనువదింప బనిలేదు. మొదటి అధ్యాయపు విషయముతో ఆరంభించిన చాలును. గుణకార భాగహారములు తెలిసి, ‘ఎందుకు?’ అని అడుగగల బాలుడు దానికి అర్హుడే.